గట్టవతలి కందిచేను

మొన్న పొద్దున్నే సుబ్బులు ఫోన్ చేసింది. సుబ్బులు మా చిన్నాయన కూతురు, నాకంటే మూడు నెలలు చిన్న. "అక్కా, రేపు మా కందిచేలో డ్రోనుతో మందు కొడతారంట. వ్యవసాయం సార్లంతా వస్తా ఉండారు, సూడనీకి రా" అంది. ఊళ్ళో ఇన్ని చేలుండగా మళ్ళీ మీ చేనేనా అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. అరవై దాటిన మనిషిని. మార్కాపురం బళ్ళో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పి, పక్కవాడి పలక చూసి ఏడవకూడదని పిల్లలకు బుద్ధులు చెప్పినదాన్ని. ఆ బుద్ధుల్లో ఒక్కటీ నాకు అంటలేదు. ఫోన్ పెట్టేసి, వంటింట్లో గిన్నెలు అవసరానికి మించి చప్పుడు చేస్తూ కడిగాను. సుబ్బులంటే నాకు ప్రాణం. కానీ దానికేదైనా మంచి జరిగితే ముందు నా కడుపు మండుతుంది, సంతోషం తర్వాత నిదానంగా వస్తుంది. చిన్నప్పటి నుంచీ అదే వరస.

వెళ్ళడానికి ఇంకో కారణం కూడా ఉంది. మా నాయన పోయి ఏడాదయింది. ఆయన బతికుండగా చెప్పలేక దాచుకున్న తప్పు ఒకటి నా దగ్గర ఉండిపోయింది. చేసింది చిన్నాయనకు. నాయనకు చెబితే నా మొహం చూడడేమో అన్న భయంతో ఇన్నేళ్ళూ నోరు మూసుకున్నాను. ఇప్పుడు చిన్నాయనకు ఎనభై దాటాయి. ఆయనకైనా చెప్పెయ్యాలి, ఏమంటే అది పడాలి అనుకుని గిద్దలూరు బస్సెక్కాను. బస్సు దిగి వాళ్ళ వాకిట్లోకి అడుగు పెట్టానో లేదో నీళ్ళ తొట్టి మీద మూతగా పెట్టిన పలకరాయి కనపడింది. నిలువెత్తు మార్కాపురం పలక, ఒక మూల విరిగింది. దాని మీద తెల్ల రంగుతో రాసిన అక్షరాలు సగం చెరిగిపోయాయి గానీ నాకు చెరిగినవి కూడా తెలుసు. "ప్రదర్శన క్షేత్రం, కంది" అని, దాని కింద చిన్నాయన పేరు. తొట్టి మూతను చూసి అసూయపడే మనిషిని మీరెక్కడైనా చూశారో లేదో, నేను పడ్డాను. నాకు పదకొండేళ్ళప్పుడు ఆ పలక మీద మా నాయన పేరు ఉండాలని ఎంత కోరుకున్నానో, అంత కోరికా అక్కడే తొట్టి పక్కన నిలబడి ఉంది.

మా ఊరు మార్కాపురానికీ గిద్దలూరుకూ మధ్య, నల్లమల కనుచూపు మేరలో ఉంటుంది. ఎర్రనేల, వాన పడితే పంట, లేకపోతే లేదు. నాయనా చిన్నాయనా విడిపోయినప్పుడు చేను రెండు ముక్కలు చేశారు. రోడ్డు పక్క ముక్క ఒకటి, దాని వెనక ముక్క ఒకటి, మధ్యలో గట్టు. ఏది ఎవరికో తేల్చడానికి చీటీలు వేశారు. మా వైపు చీటీలు పసిపిల్లల చేత తీయిస్తారు. ఆ రోజు చిన్నాయన పేర పడే చీటీ తీసింది నేనే. నాకు అయిదేళ్ళు. చెంబులో చెయ్యి పెట్టి పైకి దొరికింది తీసి చిన్నాయన చేతిలో పెట్టానట. అది రోడ్డు పక్క ముక్క. అడుగున ఉన్నది తీసి ఉంటే కథే వేరు. ఈ సంగతి అమ్మ నాకు పదేపదే చెప్పేది. తిట్టేది కాదు గానీ గుర్తు మాత్రం చేసేది.

ఆ రోడ్డు వల్లనే చిన్నాయన చేనుకు పలక వచ్చింది. సర్కారు వాళ్ళు ఊరికొకరిద్దరు రైతుల్ని ఎంచుకుని, వాళ్ళ చేలో పద్ధతులు చేయించి, మిగతా ఊరికి చూపించేవాళ్ళు. వచ్చేపోయేవాళ్ళంతా చూడాలంటే చేను రోడ్డు పక్కన ఉండాలి కదా. ఆ పనికి పదిహేను రోజులకోసారి, బేస్తవారం నాడు, గ్రామసేవకు సారు సైకిల్ మీద వచ్చేవాడు. బక్కపలచటి మనిషి, ప్యాంటు అంచులకు బట్టల క్లిప్పులు పెట్టుకునేవాడు. ఊరి మొదట్లో మా ఇల్లే. ఆయన రావాలంటే మా గుమ్మం ముందు నుంచే రావాలి. బేస్తవారం వస్తే అమ్మ వాకిలి రెండుసార్లు చిమ్మేది. మజ్జిగలో అల్లం, కరివేపాకు దంచి వేసి కడవ మీద మూత పెట్టి ఉంచేది. పచ్చి కందికాయలు ఉప్పేసి ఉడకబెట్టేది, ఇల్లంతా ఆ వాసన. నేను అరుగు మీద పుస్తకం పట్టుకుని కూచునేదాన్ని, బాగా చదివే పిల్లనని సారుకు తెలియాలని. సైకిల్ గంట మోగేది, సారు ఒకసారి తల ఊపేవాడు, చిన్నాయన ఇంటి వైపు తిరిగేవాడు. తర్వాత మజ్జిగ మేమే తాగేవాళ్ళం. అమ్మ గ్లాసు నా ముందు పెట్టే తీరులోనే ఆమె కోపం తెలిసేది.

చిన్నాయన చేలో ఆ సారు చేయించిన పనులు నాకు ఇప్పటికీ వరసగా గుర్తున్నాయి. గట్టు మీద చింతచెట్టు వెనక నిలబడి ఒక్కటీ వదలకుండా చూసేదాన్ని మరి. అడ్డకర్రలు కట్టిన గుంజలు చేనంతా పాతించాడు, పిట్టలు వాలి పురుగును ఏరుకు తినాలని. వేపగింజలు దంచి గుడ్డలో మూటగట్టి నానబెట్టిన నీళ్ళు కొట్టించాడు, ఆ చేదు వాసన మా ఇంటిదాకా వచ్చేది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు చెట్ల కింద గోనెపట్టలు పరిచి, కొమ్మలు పట్టుకుని దులిపించాడు. కాయ తొలిచే పచ్చపురుగులు టపటపా పట్ట మీద రాలేవి. పది చెట్లు దులిపి, రాలినవి ఎన్నో లెక్కపెట్టి పుస్తకంలో రాయాలి. ఆ రాసే పని సారు సుబ్బులుకు ఇచ్చాడు. దానికొక ఎర్ర పెన్సిలు కూడా ఇచ్చాడు. సుబ్బులు ఏడును తిరగేసి రాసే పిల్ల. నా చేతిరాత బడి మొత్తానికి చూపించేవాళ్ళు. ఆ ఎర్ర పెన్సిలు చెవి సందున పెట్టుకుని అది మా ఇంటికి వచ్చి, "అక్కా, ఈ పొద్దు నూటపదకొండు పురుగులు రాసినా" అని చెప్పినప్పుడు, "నీకు నూటపదకొండు రాయడం వచ్చా?" అన్నాను. అది నవ్వింది. "మూడు ఒకట్లే గదా" అంది. దాని మంచితనం నాకు ఇంకా మంట పుట్టించేది.

నాయన మాత్రం ఏమీ అనేవాడు కాదు. అమ్మ సణిగితే ఒకటే మాట. "వాని చేను రోడ్డు పక్కనుంది, అందుకే వచ్చినారు. అంతకుమించి ఏముంది? వాడు బాగుపడితే మనకు కాదా?" అని, కలిపిన సంగటి కాసేపు అలాగే కలుపుతూ ఉండిపోయేవాడు. అసూయ అన్నది తెలియని మనిషి మా నాయన అని నేను గట్టిగా నమ్మాను. ఆయన కడుపున పుట్టి నాకీ పాడుబుద్ధి ఎక్కడిదని అప్పుడే బాధపడేదాన్ని.

కొన్నాళ్ళకు మా చేలోనూ పురుగు పెరిగింది. అప్పుడు నాయన, "మనమూ దులుపుదాం" అన్నాడు. చిన్నాయన వాళ్ళు చేనుకు రాకముందే, తెల్లారుతూ తెల్లారుతూ వెళ్ళి దులిపి వచ్చేసేవాళ్ళం. పట్ట మీది పురుగుల్ని కుండలోకి ఎత్తి ఇంటికి తెస్తే కోళ్ళు పండగ చేసుకునేవి. గుంజలు కూడా పాతుదామని అమ్మ అంటే నాయన వద్దన్నాడు. "కర్రలు పాతితే వానికి కనపడతాయి" అన్నాడు. వేపగింజల నీళ్ళు కొడదామంటే, "వాసన కొడతది, ఊరంతా తెలుస్తది" అన్నాడు. చిన్నాయనను చూసి చేస్తున్నట్టు ఎవరికీ తెలియకూడదు, అదీ నాయన పట్టుదల. అందుకని ఎవరి కంటా పడని పని ఒక్కటే చేసి, మిగిలినవి వదిలేశాడు. పురుగు మాత్రం ఎవరు చూస్తున్నారో చూడకుండా కాయలన్నీ తొలుచుకుంటూ పోయింది. ఇది పట్టుదల అని ఇప్పుడంటున్నాను గానీ, అప్పుడు నా కంటికి అది కూడా నాయన గొప్పతనంగానే కనపడింది.

కోత ఇంకో మూడు వారాలుందనగా చిన్నాయన చేను చూడడానికి మార్కాపురం నుంచి పెద్ద సార్లు వస్తారని, చుట్టుపక్కల ఊళ్ళ రైతుల్ని కూడా తెస్తారని తెలిసింది. ముందు రోజు సాయంత్రం నేనూ సుబ్బులూ బోరింగు దగ్గర బిందెలు పట్టుకుని నిలబడ్డాం. "రేపు మీ చేను గూడా సూపిస్తారంట అక్కా" అంది. మా చేను కూడా లెక్కలో ఉందన్నమాట అనుకున్నాను. "ఏమని సూపిస్తారు?" అన్నాను. "సెప్పినట్టు జేస్తే మా చేను ఇట్లుంది, ఏమీ జెయ్యకపోతే అట్లుంటదని. రెండూ పక్కపక్కనే ఉండాయి గదా, బాగా తెలుస్తదని సారు అన్యాడు" అంది. అది ఎత్తిపొడవలేదు, విన్నది విన్నట్టు చెప్పింది, అంతే. నేను బిందె సగమే పట్టుకుని ఇంటికి వచ్చేశాను. మా నాయన చెడ్డ రైతుకు ఉదాహరణగా రోడ్డు మీద జనం ముందు నిలబడతాడు. ఆ చీటీ తీసింది నేను. రాత్రి అన్నం సయించలేదు.

మర్నాడు తెల్లారుతూనే మేము చేలోకి వెళ్ళి దులిపాం. ఎప్పటికంటే ఎక్కువ రాలాయి. అమ్మ కుండ నిండా ఎత్తి, "కోళ్ళకు పోసి బడికి పో" అని నా నెత్తిన పెట్టి, మిగిలిన సాళ్ళ వైపు వెళ్ళింది. నాయన ఎక్కడున్నాడో నేను చూసుకోలేదు. కుండ దించి చంకన పెట్టుకున్నాను. లోపల పురుగులు కదులుతున్నాయి, కుండ గోడకు చెవి పెడితే సన్నగా చప్పుడు కూడా వినపడుతుంది. గట్టెక్కి, దిగి, చిన్నాయన చేలోకి నడిచాను. మంచుకు తడిసిన కంది ఆకులు మొహానికి తగులుతున్నాయి. చేను మధ్యదాకా పోయి, నాలుగైదు చోట్ల మార్చి మార్చి, కుండ బోర్లించి పోశాను. ఇప్పుడు చూపించండి మీ చేను అని పైకే అన్నాను. ఖాళీ కుండతో ఇంటికి పోతే కోళ్ళు నా కాళ్ళ చుట్టూ తిరిగాయి. వాటికింత నూక వేసి బడికి పోకుండా మళ్ళీ చేను దగ్గరికే వచ్చాను.

పొద్దెక్కాక జీపు వచ్చింది, దాని వెనక ట్రాక్టరులో రైతులు వచ్చారు. నేను చింతచెట్టు వెనక నిలబడి, వాళ్ళు చేలో దిగి పురుగులు చూసి ముక్కు చిట్లించే క్షణం కోసం కాచుకుని ఉన్నాను. వాళ్ళు దిగకముందే గోరింకలు దిగాయి. ఎక్కడెక్కడి గోరింకలో, తోక చీలిన నల్లపిట్టలు, కొంగలు కూడా. గుంజ గుంజకూ పిట్ట. వాలుతాయి, కిందికి దూకి ముక్కుకు పురుగు కరుచుకుని మళ్ళీ గుంజ మీదికి పోతాయి. నేను పోసిన చోటే అన్నీ ముసురుకున్నాయి. పెద్ద సారు జీపు పక్కనే నిలబడిపోయాడు. గ్రామసేవకు సారు మొహం చూడాలి అప్పుడు. "సూడండి సార్, పక్షులే పని చేస్తా ఉండాయి" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. చిన్నాయన తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు, ఏం చెయ్యాలో తోచక. సుబ్బులు పుస్తకం గుండెలకు ఆనించుకుని వరస ముందు నిలబడింది.

తర్వాత అందరూ గట్టు దగ్గరికి వచ్చి మా చేను చూశారు. గ్రామసేవకు సారు మెత్తగానే చెప్పాడు, "ఈ చేనులో మనం చెప్పినవి చెయ్యలేదు, కాయ చూడండి" అని. ఒక కొమ్మ వంచి పుచ్చిపోయిన కాయలు చూపించాడు. నాయన తుండుగుడ్డ భుజాన వేసుకుని సాలు మధ్య నిలబడి ఉన్నాడు. ఎవరూ ఆయన్ను ఒక్క మాట అనలేదు. ఆయన గుంజల మీది పిట్టల్ని చూశాడు, తర్వాత తల తిప్పి చింతచెట్టు వైపు, సరిగ్గా నేనున్న చోటికి చూశాడు. పిట్టలు ఇటు కూడా వస్తాయేమోనని చూస్తున్నాడు అనుకున్నాను. నా కడుపులో మంట ఆ రోజు మండినట్టు మళ్ళీ ఎప్పుడూ మండలేదు. చెడగొడదామని పోసినవే వాళ్ళకు పేరు తెచ్చాయి. నేను మోసుకెళ్ళి, నా చేతులతో పోసి.

చిన్నాయనకు సర్కారు వాళ్ళు మందు కొట్టే చేతిపంపు ఒకటి బహుమానంగా ఇచ్చారు. మరుసటి ఏడు దాన్ని చిన్నాయనే తెచ్చి మా అరుగు మీద పెట్టి, "ముందు నీ చేను కొట్టుకో అన్నా, నాది తర్వాత" అన్నాడు. నాయన తీసుకున్నాడు. ఆ ఏడు గుంజలు కూడా పాతాడు, కనపడితే కనపడనీ అనుకున్నట్టున్నాడు. మా చేను బాగానే పండింది. కానీ పలక రాలేదు, సారు మజ్జిగకు రాలేదు. ఆ తర్వాత నేను చదువుకి మార్కాపురం వచ్చేశాను. సుబ్బులు పెళ్ళయి కనిగిరి పోయింది. ఇప్పుడు తండ్రిని చూసుకోవడానికి మళ్ళీ ఊళ్ళోనే ఉంటోంది. మా చేలో మా తమ్ముడు జామాయిల్ వేశాడు. పురుగు లేదు, దులిపే పని లేదు, పిట్ట కూడా వాలదు.

నిన్న డ్రోను చూశాను. నిజం చెప్పాలంటే బాగుంది. ఊరి రైతు కేంద్రంలో పనిచేసే అమ్మాయి అందర్నీ వెనక్కి జరగమంది. సెల్‌ఫోన్‌లో చేను ఫోటో తీసింది, ఆకు మీద మచ్చ చూసి అది ఏ తెగులో, ఏ మందు ఎంత కలపాలో గుక్క తిప్పుకోకుండా చెప్పింది. డ్రోను జుయ్యిమని లేచి, మేము ఒక ఉదయమంతా నడిచే సాళ్ళ మీద నుంచి పూటలో పదోవంతు సేపట్లోనే పోయివచ్చింది. గోరింకలు మాత్రం కరెంటు తంతి మీదికి ఎగిరిపోయి దూరంగా కూచున్నాయి. సైకిల్ సారు చేనంతా తిరిగి ఒక్కో చెట్టునూ చేత్తో తడిమి చూసేవాడు, ఈ అమ్మాయి చెట్టును ముట్టుకోకుండానే ఆయనకంటే ఎక్కువ చెప్పింది. నాకు ఆ అమ్మాయి మీద కూడా అసూయ పుట్టింది. పదకొండేళ్ళప్పుడు ఆ పుస్తకం, ఆ ఎర్ర పెన్సిలు నా చేతిలో పడి ఉంటే నేను కూడా ఇలా చేను మధ్య నిలబడి మగవాళ్ళను వెనక్కి జరగమని ఉండేదాన్నేమో. డ్రోను ఎగిరినంతసేపూ సుబ్బులు నా చెయ్యి పట్టుకుని ఉంది. దానికి తండ్రి ఉన్నాడు, చేను ఉంది, చూడడానికి వచ్చిన జనం ఉన్నారు. నాకు మార్కాపురంలో రెండు గదుల ఇల్లుంది.

అందరూ పోయాక చిన్నాయన వాకిట్లో మంచం మీద కూచున్నాడు. సుబ్బులు లోపల పొయ్యి మీద కందికాయలు పెట్టింది, ఆ వాసన వస్తోంది. నేను తొట్టి పక్కన స్టూలు వేసుకుని, పలక మీద చెయ్యి పెట్టి, "చిన్నాయనా, నీకొకటి చెప్పాల" అన్నాను. చెప్పాను. కుండ సంగతి, పోసిన సంగతి, పైకి అన్న మాట కూడా. చిన్నాయన అంతా విని, పళ్ళు లేని నోటితో నవ్వాడు.

"అదా అమ్మీ. అది నాకు అప్పుడే తెలుసు" అన్నాడు.

"ఎవరు సెప్పినారు?"

"మీ నాయనే. ఆ యేడు కందులు మార్కాపురం తోలుకపోతా ఉంటిమి, ఇద్దరివీ ఒకే బండిలో. సగం దూరం పోయినాక బండి ఆపినాడు. రే, నీ చేలో పురుగు పోసింది మా పిల్ల, నేను సూస్తానే ఉన్యా అన్యాడు."

"సూసినాడా?"

"చింతచెట్టు కాడే ఉన్యాడంట. గట్టెక్కేటప్పుడు పిలిస్తే ఆగేది, పిలవబుద్ధి కాలేదురా, పొయ్యనీలే అనుకున్యా అన్యాడు. అని ఏడ్సినాడు. నేనేమో ఆ పిట్టల్ని తల్సుకుని నవ్వినా. ఆయన్ను సూస్తే నాకు ఇంకా నవ్వొచ్చింది. యెంతసేపో ఏడ్సి, ఆయన గూడా నవ్వినాడు. ఇద్దరం బండి మీద పొర్లి పొర్లి నవ్వినాం. ఎద్దులు బెదిరినాయి."

"మరి నాకెందుకు సెప్పలే ఇన్నేండ్లూ?"

"వద్దన్యాడు మీ నాయన. పిల్లకు తెలిస్తే నా మీద గురి పోతదిరా అన్యాడు." చిన్నాయన పలక వైపు చూశాడు. "అది గావాల్నా నీకు? తీసుకపో. తొట్టికి ఇంకోటి ఏస్తాం."

వద్దన్నాను. ఒక మనిషి మోసేది కాదు అది. ఆయన నన్నేమీ అనలేదు, నాయన నాలాంటివాడే అని కూడా తేలింది, బరువు దిగిపోవాలి. నిన్నటి నుంచీ ఎదురు చూస్తున్నాను, దిగలేదు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూచుని ఆ బండి గురించే ఆలోచించాను. నాయన ఏడవడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. పొర్లి పొర్లి నవ్వడం అసలు చూడలేదు. ఆ రెండూ చిన్నాయనకు ఒకే రోజు దొరికాయి, అదీ నా వల్ల. పలక మీద పేరు ఆయనది, చేతిపంపు ఆయనది, ఇది కూడా ఆయనదే. నేనేమో ఆ రోజంతా ఇంటి దగ్గర, నాయనకు తెలిస్తే ఎలాగా అని వణుకుతూ ఉండి ఉంటాను. చిన్నపిల్లను, బరువుండేదాన్ని కాదు. ఆ కందిబస్తాల మీద నాకు కూడా చోటుండేది.